యూరియా లైన్‌లో నిలబడ్డ రైతన్నా! ఈ నాట్లకు ఒక్క పావెకరం నేల బ్యాక్టీరియాకు ఇయ్యి!

వరి రైతులారా! కౌలుదారులారా! నాట్లేసే అక్కచెల్లెళ్లారా!

2025 వానాకాలం మనలో ఎవరూ మరిచిపోలేరు. వరి పిలకలు పెట్టే రోజులు. పొలంలో ఉండాల్సిన మనం తెల్లవారకముందే సొసైటీ గోదాముల ముందు లైన్లు కట్టాం. చెప్పులు వరస పెట్టాం, పాసుపుస్తకాలు వరస పెట్టాం. ఒకటి రెండు బస్తాల కోసం ముసలివాళ్లు, ఆడవాళ్లు ఎండకూ వానకూ ఓర్చుకుని నిలబడ్డారు. పేరు మీద పాసుపుస్తకం లేని కౌలు రైతు అయితే భూమి యజమానిని బతిమాలుకోవాల్సి వచ్చింది. యూరియా సకాలంలో ఇవ్వాలని అడగడం మన హక్కు. అడుగుతూనే ఉందాం. కానీ దానితోపాటు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అంత కష్టపడి తెచ్చి చల్లిన బస్తాలో పైరుకు అందింది ఎంత?

బస్తాలో సగం కూడా పైరుకు చేరడం లేదు

బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల 700 గ్రాములు. నీళ్లు నిలిచిన మడిలో చల్లిన యూరియా నుంచి వరి తీసుకోగలిగేది మామూలుగా 30 నుంచి 40 శాతమే. ఆరు కిలోలు, బాగుంటే ఎనిమిది. మిగతా పన్నెండు, పద్నాలుగు కిలోలకు మనం డబ్బు కట్టాం, లైనులో నిలబడ్డాం, నెత్తిన మోశాం, చల్లాం. పైరుకు మాత్రం అందలేదు.

అది పోయిన దారులు మూడు. ఎండ కాసినప్పుడు మడి నీళ్ల మీదినుంచి అమ్మోనియా ఆవిరై కొంత పోతుంది. దుబ్బ నేలల్లో నైట్రేటుగా మారి నీళ్లతోపాటు కిందికి ఇంకిపోయేది కొంత. అదే మన బోర్లలోకి, బావుల్లోకి వస్తుంది. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. నైట్రేటు ఎక్కువైన నీళ్లు కలిపి పాలు పడితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది. ఇక మూడోది, మడి ఆరుతూ తడుస్తూ ఉన్నప్పుడు నేలలో జరిగే మార్పుల వల్ల నైట్రస్ ఆక్సైడ్‌గానూ, ఉత్త నత్రజనిగానూ గాలిలో కలిసేది. భూమిని వేడెక్కించడంలో ఆ నైట్రస్ ఆక్సైడ్ బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 270 రెట్లు బలమైనది.

ఇంత పోతుందని తెలిసి ఇంకో బస్తా ఎక్కువ చల్లితే పైరు ముదురు పచ్చగా, మెత్తగా ఎదుగుతుంది. చూడటానికి కళ్లు నిండుతాయి. సుడిదోమకు కావాల్సింది ఆ మెత్తదనమే. అగ్గితెగులు, పాముపొడ తెగులు, ఆకుముడత పురుగు, అన్నీ నత్రజని ఎక్కువైన మడినే ముందు పట్టుకుంటాయి. యూరియాకు మనం కట్టేది బస్తాకు 266 రూపాయల 50 పైసలు. దాని వెనక వచ్చే మందుల ఖర్చు ఎవరి బిల్లు వాళ్లు ఒకసారి తీసి చూసుకోండి.

నేలలోని జీవులు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నాయి

గాలిలో 78 శాతం నత్రజనే. మీ ఎకరం పొలం మీద, ఆకాశం దాకా ఉన్న గాలిలో నత్రజని 30 వేల టన్నుల పైమాటే. కానీ ఆ రూపంలో ఏ పైరూ దాన్ని తినలేదు. రామగుండంలాంటి చోట కర్మాగారాలు సహజవాయువును వాడి, 400 డిగ్రీలకు పైగా వేడి పెట్టి, గాలి ఒత్తిడికి నూరు రెట్లకు మించిన ఒత్తిడిలో దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. ఆ సహజవాయువులో చాలా భాగం ఓడల మీద విదేశాల నుంచి రావాల్సిందే. ఓడ ఆలస్యమైనా, ధర పెరిగినా, యంత్రం ఆగినా లైనులో నిలబడేది మనమే.

అదే పనిని మన మట్టిలోని కొన్ని బ్యాక్టీరియాలు మామూలు వేడిలో, పొగ లేకుండా చేస్తాయి. వాటి దగ్గర నైట్రోజినేజ్ అనే ఎంజైము ఉంది. వరి వేరును అంటిపెట్టుకుని బతికే అజోస్పిరిల్లం అలాంటిదే. 1925లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైజరింక్ దీన్ని గుర్తించాడు. 1970లలో బ్రెజిల్‌లో యొహానా డోబరైనర్ అనే మహిళా శాస్త్రవేత్త గడ్డి జాతి పైర్ల వేళ్ల మీద ఇది ఏం చేస్తుందో లోకానికి చూపించింది. వరి కూడా గడ్డి జాతే.

అజోస్పిరిల్లం రెండు పనులు చేస్తుంది. ఒకటి, గాలిలోని నత్రజనిని పట్టి ఇవ్వడం. దుకాణంలో మనకు చెప్పేది దీని గురించే. రెండోది, వేరు పెరిగే హార్మోనును వదలడం. దాంతో పక్క వేర్లు, సన్నటి నూగువేర్లు గుబురుగా వస్తాయి. వేరు ఎంత మేర పాకితే నేలలో ఉన్న నత్రజనినీ, మనం చల్లిన యూరియానూ అంత మేర పట్టుకుంటుంది. వరి విషయంలో ఈ రెండో పనే ఎక్కువ మేలు చేస్తుందని చాలామంది శాస్త్రవేత్తల మాట. మాకూ అదే సబబుగా తోస్తుంది. పైన చెప్పిన పన్నెండు, పద్నాలుగు కిలోల నష్టంలో కొంతైనా వెనక్కి తెచ్చేది గుబురైన వేరే.

ఇదేమీ నిన్నగాక మొన్న పుట్టిన సంగతి కాదు. వరి మడి నీళ్ల మీద తేలే నీలి ఆకుపచ్చ నాచు నత్రజనిని కూడబెడుతుందని మన దేశపు శాస్త్రవేత్త పి.కె. డే 1939లోనే రుజువు చేశాడు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1963 నుంచి ఒకే పొలంలో ఏటా రెండు మూడు కార్లు వరి వేస్తూ వచ్చారు. అక్కడ నత్రజని ఎరువు ఒక్క గింజ కూడా వేయని మడులు దశాబ్దాల తరబడి పండుతూనే ఉన్నాయి. దిగుబడి తక్కువే, కానీ సున్నా కాలేదు. ఎందుకంటే నీళ్లలో, మట్టిలో ఉన్న ఈ జీవులు ఏటేటా కొంత నింపుతున్నాయి. యూరియా వేసిన మడిలో కూడా పైరు తీసుకునే నత్రజనిలో సగానికి పైగా నేలలోంచి వచ్చేదే. మనం ఏళ్ల తరబడి బస్తాను చూస్తూ నేలను మరిచాం.

పాత మోతాదు తగ్గించకపోతే డబ్బు దండగ

ఈ మాట గట్టిగా చెప్పాలి. బ్యాక్టీరియా పాకెట్ తెచ్చి చల్లి, పైన యూరియా ఎప్పటిలాగే దిమ్మరిస్తే ఫలితం కనిపించదు. గాలిలోని నత్రజనిని విరగ్గొట్టడం ఆ చిన్న జీవికి చాలా శక్తి ఖర్చయ్యే పని. చుట్టూ అమ్మోనియా దొరుకుతుంటే నిమిషాల్లోనే ఆ ఎంజైమును ఆపేస్తుంది. పక్కింటివాళ్లు రోజూ క్యారేజీ పంపుతుంటే మన పొయ్యి ఎవరు ముట్టిస్తారు? "వేశాం, ఏమీ తేడా లేదు" అన్న మాట ఊళ్లలో వినపడటానికి పెద్ద కారణం ఇది.

అందుకని నేల పరీక్షను బట్టి మీ వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) చెప్పే సిఫార్సు మోతాదులో పావు వంతు నత్రజని తగ్గించండి. తగ్గించేది మొదటి దఫాలోనే తగ్గించండి. సిఫార్సు మోతాదు అన్నాం, మనం అలవాటుగా చల్లేది కాదు. ఆ రెంటికీ చాలాచోట్ల బస్తా తేడా ఉంటుంది. పిలక దశలో, అంకురం దశలో వేయాల్సింది ఆకు పచ్చదనాన్ని ఆకు రంగు పట్టికతో పోల్చి చూసి వేయండి.

యూరియా పూర్తిగా మానేయండని మేము చెప్పడం లేదు. అలా చెప్పేవాళ్లను నమ్మకండి. ఎకరాకు పాతిక క్వింటాళ్ల వడ్లు పండాలంటే పైరుకు నలభై కిలోలకు అటూఇటూగా నత్రజని కావాలి. అజోస్పిరిల్లం ఒక్కటే అంత ఇవ్వదు. పావు వంతు ఆదా అయితే చాలు. ఊరంతా కలిపి చూస్తే అది లారీల లెక్క.

ఎట్లా వేయాలి

నారు ముంచే పద్ధతి అన్నిటికంటే ఖాయమైనదని మా అభిప్రాయం. బ్యాక్టీరియా నేరుగా వేరుకే అంటుతుంది. మడి గట్టు మీద చెట్టునీడ చూసుకుని ఒక వెడల్పాటి టబ్బు పెట్టండి. నలభై లీటర్ల నీళ్లలో కిలో అజోస్పిరిల్లం పొడి కలిపితే ఎకరం నారుకు సరిపోతుంది. నీళ్లు మట్టిరంగుకు వస్తాయి. నారు పీకి, వేళ్ల బురద కడిగి, కట్టలు కట్టి, వేళ్లు మాత్రమే మునిగేలా నిలబెట్టండి. అరగంట ఆగాలి. తీశాక ఎండలో పడేయకుండా వెంటనే నాటాలి. పొడి అడుక్కు దిగుతుంది కాబట్టి కట్టలు మార్చినప్పుడల్లా చేత్తో ఒకసారి కలపండి. ఇది జరిగేదీ జరగనిదీ నాట్లేసే అక్కల చేతుల్లో ఉంది. రైతులూ, ఆ అరగంటకు కూడా కైకిలి లెక్కకట్టి ఇవ్వండి. గుత్తకు మాట్లాడుకున్న ముఠా అయితే ముందే చెప్పి ఒప్పించండి. హడావుడిలో ముంచి తీసిన కట్టతో పని జరగదు.

వెదజల్లే రైతులు, డ్రమ్ సీడరు వాడేవాళ్లు విత్తనానికి పట్టించుకోవచ్చు. పది కిలోల వడ్లకు 200 గ్రాముల పొడిని చల్లారిన బెల్లం నీళ్లలో జారుగా కలిపి పట్టించి, నీడలో అరగంట ఆరనిచ్చి చల్లాలి. విత్తనానికి తెగుళ్ల మందు పట్టించేదుంటే అది ముందు, బ్యాక్టీరియా ఆఖరున. రెండూ ఒకే బకెట్లో కలిపితే మందు బ్యాక్టీరియాను కూడా చంపుతుంది.

నాట్లు అయిపోయినవాళ్లు వారం లోపల మడిలో వేయవచ్చు. రెండు కిలోల పొడిని బాగా చివికిన యాభై నుంచి వంద కిలోల పశువుల ఎరువులో కలిపి, తడి గోనెసంచి కప్పి, రాత్రంతా నీడన ఉంచి, మర్నాడు చల్లపూట పలుచని నీటిలో సమంగా చల్లాలి. ద్రవరూపంలో దొరికితే సీసా మీద రాసిన మోతాదు పాటించండి. యూరియాతో కలిపి చల్లవద్దు. రెంటికీ మధ్య కనీసం వారం ఎడం ఉండాలి.

పశువుల ఎరువు ఎందుకంటారా? బ్యాక్టీరియాకూ తిండి కావాలి. సేంద్రియ పదార్థం లేని నేలలో ఎంత మంచి పాకెట్ పోసినా ఆకలితో చస్తాయి. వరి కొయ్యలకు నిప్పు పెడితే వాటి తిండి, పైపొరలోని వాటి బతుకు రెండూ బూడిదవుతాయి. యాసంగి కోతలయ్యాక అగ్గిపెట్టె తీయకండి. నాట్లకు మూడు వారాల ముందే కొయ్యలు కలియదున్ని నీళ్లు పెట్టండి. ఆలస్యంగా దున్నితే కుళ్లే గడ్డే నేల నత్రజనిని తాత్కాలికంగా లాగేసుకుని పైరు పసుపు పడుతుంది. నీటి వసతి ఉంటే జీలుగ, జనుము చల్లి పూత దశలో కలియదున్నండి. వాటి వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం నత్రజనిని దండిగా ఇస్తుంది.

అజొల్లా సంగతీ ఒక మాట. నీటి మీద తేలే ఆ చిన్న మొక్క ఆకుల్లో నత్రజనిని పట్టే నాచు కాపురముంటుంది. వియత్నాం, చైనా రైతులు వందల ఏళ్లపాటు వరిలో పెంచారు. పెరడులో టార్పాలిన్ గుంట తీసి పెంచితే పాడి పశువుకు దాణా అవుతుంది, మిగిలింది మడికి. భాస్వరం లేకపోతే ఎదగదు, కొద్దిగా సూపర్ ఫాస్ఫేటు వేయాలి. నిండా అల్లుకున్నాక నీళ్లు తీసి కాలితోనో వీడరుతోనో బురదలోకి తొక్కాలి. తేలుతున్నంతసేపు దాని నత్రజని దాని దగ్గరే ఉంటుంది.

కొనేటప్పుడు మోసపోవద్దు

ఇది చచ్చిన సరుకు కాదు, ప్రాణమున్న సరుకు. 2006 నుంచి జీవన ఎరువులు కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవంలో మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు బతికున్న కణాలు ఉండాలని చట్టం. పాకెట్ మీద బ్యాక్టీరియా పేరు, ఏ పైరుకో, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. ఒక్కటి లేకున్నా కొనకండి. పొడి తయారై ఆరు నెలలు దాటితే వద్దనండి. గడువు లోపలిదే అయినా రేకుల షెడ్డులో ఎండకు మగ్గినదైతే అందులో ప్రాణం ఉండదు. దుకాణంలో పురుగుమందు డబ్బాల పక్కన పెట్టారా, కిటికీ ఎండలో పెట్టారా, కళ్లతో చూసి తీసుకోండి. ఇంటికి తెచ్చాక చల్లటి చోట నీడన ఉంచండి.

వరికి రైజోబియం అంటగట్టే దుకాణాలున్నాయి. వరి వేరుకు బుడిపెలు కట్టవు. రైజోబియం మినుముకు, పెసరకు, కందికి, పల్లికి. ఆ పైర్లు వేసేటప్పుడు, ఏ పైరుకు ఏ రకమో చూసి కొనండి. బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు లేకపోతే నాసిరకం అని తేలినా అడిగే దారి ఉండదు.

మమ్మల్ని నమ్మొద్దు, కొలిచి చూడండి

ఎకరమంతా వేయమని అడగడం లేదు. పావెకరం, అంటే పది గుంటలు. అదే రకం వడ్లు, అదే రోజు నాట్లు, అవే నీళ్లు. ఒక మడిలో ఎప్పటిలాగే వేయండి. పక్క మడిలో నారు ముంచి, పావు వంతు యూరియా తగ్గించండి. మధ్య గట్టు గట్టిగా ఉండాలి, ఈ మడి నీళ్లు ఆ మడిలోకి పారకూడదు.

నాటిన నెలకు రెండు మడుల్లోనూ గట్టుకు దూరంగా నాలుగైదు కుదుళ్లు పారతో లోతుగా, వేరు తెగకుండా పెళ్లగించండి. కాలువలో మెల్లగా కడిగి తెల్లటి సంచి మీద పక్కపక్కన పరవండి. వేరు పొడవు చూడండి, గుబురు చూడండి, తెల్లగా ఉందా నల్లబడిందా చూడండి. పిలకలు లెక్కపెట్టండి. ఆకు రంగు పట్టిక పెట్టి చూడండి. కోతప్పుడు రెండు మడుల్లోనూ మీటరు చదరంలో కోసి, నూర్చి, ఎండబెట్టి తూకం వేయండి. ఒకే చోట కాదు, మూడు నాలుగు చోట్ల. నేల నేలకూ ఫలితం మారుతుంది. చౌడు నేలలో ఒకలా, నల్లరేగడిలో ఒకలా ఉంటుంది. తక్కువ యూరియాతో తూకం సమానంగా వచ్చినా మీరు గెలిచినట్టే. ఒకవేళ తగ్గితే దాచకండి, రైతు వేదికలో అందరి ముందూ చెప్పండి.

మనం అడగాల్సినవి

ఒకటి: యూరియా ఇండెంటు పెట్టినట్టే ప్రతి సొసైటీ నారుమళ్లు పోసే నాటికి అజోస్పిరిల్లం, భాస్వరాన్ని కరిగించే పి.ఎస్.బి. కొత్త సరుకు తెప్పించాలి. ఏళ్ల తరబడి వేసిన డీఏపీ భాస్వరం మన నేలల్లో పేరుకుని ఉంది, దాన్ని కరిగించి పైరుకు ఇచ్చేది పి.ఎస్.బి. నాట్లు అయిపోయాక వచ్చే సరుకు మాకొద్దని చెప్పాలి.

రెండు: చల్లగా నిల్వ చేసే వసతి లేని చోట ఈ సరుకు అమ్మనివ్వకూడదు. వ్యవసాయ అధికారులు దుకాణాల నుంచి నమూనాలు తీసి ల్యాబుకు పంపాలి, ఫలితాలు రైతు వేదిక గోడ మీద అతికించాలి.

మూడు: పాసుపుస్తకం ఉన్నా లేకున్నా పొలం దున్నుతున్న కౌలు రైతుకు ఈ సరుకు ఇవ్వాలి. ఒక్కో పాకెట్‌తో ఒక ఆకు రంగు పట్టిక ఉచితంగా ఇవ్వాలి.

నాలుగు: రాజేంద్రనగర్‌లో భారత వరి పరిశోధన సంస్థ ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. ప్రతి మండలంలో ఒక రైతు పొలంలో, రైతు కళ్ల ముందు, పైన చెప్పిన పద్ధతిలో పోలిక మడులు వేసి చూపించాలి.

అన్నలారా, అక్కలారా! నారు పోసే రోజులు దగ్గరపడ్డాయి. నారు ముదిరాక పాకెట్ కోసం తిరిగితే లాభం లేదు. ఈ వారమే మీ ఏఈవోను కలిసి నేల పరీక్ష కాగితం తీయించండి. పదిమంది కలిసి సొసైటీకి వెళ్లి ఎన్ని కిలోలు కావాలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. మీ పొలంలో ఏ పావెకరమో ఇప్పుడే గట్టు మీద కర్ర పాతి గుర్తు పెట్టుకోండి. చదివిన వాళ్లు ఈ కాగితం పారేయకుండా పక్క పొలం వాళ్లకు ఇవ్వండి, చదవడం రాని వాళ్లకు చదివి వినిపించండి.

ఇట్లు
మీ తోటి వరి రైతులు